ఇది ఒకటి, వారానికి

నేను రిటైరైనప్పట్నుంచి నాకు వచ్చే ఫోన్లు రెండు రకాలు. మోకాళ్ళ నొప్పులకి ఏం వేసుకోవాలని చుట్టాలు చేసేవి మొదటి రకం. రెండో రకం, ఎక్కడో ఆసుపత్రిలోనో మందుల షాపులోనో పదేళ్ళుగా పనిచేస్తున్న పిల్లలు చేసేవి. "మేడమ్, బీఫార్మసీ మీద మళ్ళీ మూడేళ్ళు కూర్చుని క్లినికల్ ఫార్మసీ చదివితే ఏమొస్తుంది?" అని అడుగుతారు.

ఏమొస్తుందని చెప్పను? పేరు ముందు డాక్టర్ అని పెట్టుకోవచ్చా అంటారు. పెట్టుకోండి, ఎవరొద్దన్నారు? పెట్టుకుని, వెళ్ళి మళ్ళీ అదే కిటికీ వెనక అదే ఇనప స్టూలు మీద కూర్చోండి. నేను కూర్చున్నాను. నలభై ఎనిమిదేళ్ళ వయసులో, జీతం లేని సెలవు పెట్టి, నా కూతురి ఈడు పిల్లల పక్కన బెంచీ మీద కూర్చుని చదివి వచ్చాక మా సూపరింటెండెంటు గారు నాతో అన్న మొదటి మాట, "వచ్చారా, హమ్మయ్య, మందుల ఇండెంట్లు పేరుకుపోయాయి." అంతే. ఏం చదివావని కూడా అడగలేదు మహానుభావుడు.

అయినా చదవొద్దని నేను ఎవరికీ చెప్పను. ఎందుకు చదవాలో మాత్రం చెబుతాను. అది చెప్పాలంటే నేను చేసిన ఒక తప్పు చెప్పాలి. అది ఫోన్లో అయ్యే పని కాదు కాబట్టి రాస్తున్నాను.

కిటికీ వెనక

మాది విజయనగరానికి దగ్గర్లో ఒక ట్రస్టు ఆసుపత్రి. మందుల గదికి ఊచల కిటికీ, ఊచల కింద చెయ్యి పట్టేంత కన్నం. ఆ కన్నంలోంచి చీటీ లోపలికి వస్తుంది, మందులు బయటికి వెళతాయి. చదువుకి వెళ్ళేదాకా ఇరవై ఏడేళ్ళు నేను జనాల చేతులు చూశాను. ముఖాలు చూసింది తక్కువ. పొద్దున్న తొమ్మిదికి మొదలైతే మధ్యాహ్నం రెండు దాకా వరస కదులుతూనే ఉండేది, నా నోరూ ఆగేది కాదు.

ఆ నోరు ఎలా ఆడేదో చెప్పాలి, ఎందుకంటే కథంతా అక్కడే ఉంది. "ఇవి పూటకొకటి, నెలకి. ఇది పొద్దున్న ఒకటి, పదిహేను రోజులకి. ఇది పడుకునే ముందు ఒకటి, పది రోజులకి. తరవాతెవరు?" మాత్ర, ఎన్ని, ఎన్నాళ్ళకి. ఎవరికైనా ఇదే పాట. జనం కూడా దానికే అలవాటుపడ్డారు. చివర్న వచ్చే మాట ఎన్నాళ్ళకి సరిపడా ఇచ్చానో చెప్పే మాట అని చీపురుపల్లి నుంచి వచ్చిన ముసలమ్మకి కూడా తెలుసు. నాతో పనిచేసే స్టోర్ కీపరు అప్పలనాయుడు వెక్కిరించేవాడు. "ఎస్తేరు మేడమ్ గారు మాటాడతంటే బస్సు కండక్టరు స్టాపులు సెప్పినట్టే ఉంటాది" అని. నేను నవ్వేదాన్ని. చెప్పొద్దూ, కొంచెం గర్వపడేదాన్ని కూడా. అంత వేగంగా వరస లాగేవాళ్ళు ఆ చుట్టుపక్కల ఇంకెవరూ లేరని.

పైడమ్మ

రెండువేల పన్నెండు ప్రాంతం. నెల్లిమర్ల దగ్గరి పల్లె నుంచి పైడమ్మ అనే ఆవిడ కీళ్ళవాతంతో వచ్చింది. అరవై దగ్గర పడ్డ మనిషి. చేతివేళ్ళు అప్పటికే పక్కకి వంగిపోతున్నాయి. కొడుకు సింహాచలం గోనెసంచుల మిల్లులో కూలి. అతనికి సెలవు దొరకదు కాబట్టి ఆవిడతో కోడలు గౌరి వచ్చేది. సన్నంగా, చంకలో పిల్లతో, ఏం చెప్పినా తలూపే మనిషి.

డాక్టరు గారు మెథోట్రెక్సేట్ రాశారు. ఈ మాత్ర సంగతి ఈ వృత్తిలోకి వచ్చేవాళ్ళు ముందు తెలుసుకోవాలి. కీళ్ళవాతానికి దీన్ని వారంలో ఒక్కరోజే వేసుకోవాలి. రోజూ వేసుకుంటే నోరంతా పుళ్ళు పడి, రక్తంలో కణాలు పడిపోయి, మనిషి ప్రాణం మీదికి వస్తుంది. చీటీలో డాక్టరు గారు సరిగ్గానే రాశారు, వారానికి ఒకసారి అని. మిగతావి బయటైనా దొరుకుతాయి, దీనికోసం నెలనెలా అంత దూరం నుంచి ఏం తిరుగుతారులే అని నేనే జాలిపడి పది మాత్రల అట్ట పూర్తిగా ఇచ్చేశాను. పది వారాలకి సరిపోతుంది కదా అని. మిగతా మందులతో పాటు దాన్నీ కన్నంలోంచి తోసి నా పాట పాడేశాను. "ఇవి పూటకొకటి, నెలకి. ఇది ఒకటి, వారానికి. తరవాతెవరు?"

చదివేవాళ్ళు ఒక్కసారి ఆగి పైకి అని చూడండి. "వారానికి ఒకటి" అంటే వారంలో ఒక్కటే. "ఒకటి, వారానికి" అంటే, మా కిటికీ భాషలో, రోజుకొకటి చొప్పున వారం రోజులకి. మాటలు అవే రెండు. ముందు నెలకి అని విన్న మనిషి తరవాత వారానికి అని వింటే ఇంకేం అనుకుంటుంది?

పన్నెండో రోజున పైడమ్మని ఆటోలో తెచ్చారు. నోరు తెరవలేకపోతోంది. పెదాలు, నాలుక, గొంతు దాకా పచ్చిపుండు. జ్వరం. రక్తపరీక్ష చూసి డ్యూటీ డాక్టరు ముఖం పాలిపోయింది. విరుగుడు ఇంజక్షను మా దగ్గర లేదు, విశాఖపట్నం నుంచి తెప్పించారు. ఆవిడ బతికింది. పద్ధెనిమిది రోజులు మంచం మీద ఉండి, జుట్టంతా ఊడి, సగం మనిషై బతికింది.

నేను చెప్పాల్సింది ఆ బతకడం గురించి కాదు. మొదటి రోజు మంచం దగ్గర జరిగిందాని గురించి.

డ్యూటీ డాక్టరు కుర్రవాడు, భయంలో ఉన్నాడు. గౌరిని పట్టుకుని మందులు ఎలా ఇచ్చావని గద్దించాడు. గౌరి ఏడుస్తూ చెప్పింది. "నానేటి సేసేనండీ? ఆ కిటికీ కాడ మేడమ్ గారు ఒకటి, వారానికి అన్నారు. రోజుకొకటి సొప్పున వారం ఇచ్చేను. మూడు మిగిలిపోనాయి. మందు పారేత్తామేటి, అయ్యి కూడా ఇచ్చీ అని మా అత్తే అన్నాది. ఇచ్చేను."

డాక్టరు నన్ను పిలిపించాడు. "ఏం మేడమ్, మీరు ఇలా చెప్పారా?"

"వారానికి ఒకటి అనే చెప్పాను సార్" అన్నాను.

అది అబద్ధమని ఆ క్షణాన నాకు తెలీదు. నిజంగానే అలా చెప్పాననుకున్నాను. ముప్పై ఏళ్ళ సర్వీసు దగ్గర పడ్డ మనిషి ఇంకెలా చెబుతుంది? గౌరి నా ముఖంలోకి చూసింది. డాక్టరు కేసు షీటులో ఇంగ్లీషులో రాశాడు, చదువురాని కోడలు మోతాదు మించి మందు ఇచ్చిందని. డిశ్చార్జి కాగితం మీదా అదే వాక్యం ఎక్కింది.

ఆ సాయంత్రం బస్సులో ఇంటికి వెళుతూ, నాలో నేను ఆ రోజు మందులిచ్చినట్టు అనుకుని చూశాను. ఇవి పూటకొకటి, నెలకి. తరవాత నోటికి దానంతట అదే వచ్చింది, ఇది ఒకటి, వారానికి. అంటే ఆ సాయంత్రానికల్లా నాకు తెలుసు. ఈ ముక్క దాచి ఏం లాభం?

మర్నాడు వెళ్ళి చెబుదామనుకున్నాను. మర్నాడు సూపరింటెండెంటు గారు పిలిచి, "మనవైపు నుంచి ఏం లేదుగా మేడమ్, మంచిది, ఇంక దీన్ని కెలక్కండి" అన్నారు. నేను కెలకలేదు. ఆయన్ని తిట్టడం తేలికే, కానీ కాళ్ళు నావి, మంచం ఇరవై అడుగుల దూరం. నేను వెళ్ళలేదు.

ఇక్కడ ఇంకో మాట చెప్పాలి. కోడలు మందు ఎక్కువ ఇచ్చిందని ఆసుపత్రిలో రాసిన మాట ఆ పల్లెకి వెళ్ళేసరికి ఏమైందో తెలుసా? కోడలు అత్తకి మందు పెట్టింది. మన ఊళ్ళలో మందు పెట్టడమంటే ఏమిటో నేను చెప్పక్కర్లేదు. డిశ్చార్జి నాడు వార్డు బయట పైడమ్మ ఆడబిడ్డ గొంతెత్తి అరవడం నా చెవులతో విన్నాను. "కాయితం మీదే ఉన్నాది! డాకటేరే రాసినాడు! మందెట్టేసినాది ముండ!" నేను మందుల గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకున్నాను.

చదువు

ఆ తరవాతి ఏడాది నేను ఫార్మ్ డి కోర్సులో చేరాను. బీఫార్మసీ అయినవాళ్ళకి మూడేళ్ళు, అందులో చివరి ఏడాది ఆసుపత్రిలో ఇంటర్న్‌షిప్. ఎందుకు చేరావంటే అందరికీ పెద్ద పెద్ద మాటలు చెప్పాను. మా ఆయన ఒక్కడే, "నీకు నిజంగా చదువు కావాలా, ఆ కిటికీ తప్పించుకోవాలా?" అని అడిగాడు. ఆయనతో వారం రోజులు సరిగ్గా మాట్లాడలేదు.

రోజూ విజయనగరంలో పాసింజరు ఎక్కి, కొత్తవలసలో కిరండూలు ఇనపఖనిజం గూడ్సుకి దారిచ్చి ఆగి ఆగి, విశాఖపట్నంలో కాలేజీకి చేరేసరికి మొదటి క్లాసు అయిపోయేది. క్లాసులో నాతో పాటు ఉద్యోగాల్లోంచి వచ్చినవాళ్ళు ఇద్దరే. మిగతావాళ్ళంతా ఇరవై రెండేళ్ళ పిల్లలు. నన్ను ఆంటీ అనాలో మేడమ్ అనాలో తేల్చుకోలేక మొదటి నెలంతా అసలు పిలవడమే మానేశారు.

చదువు మీద నా అభిప్రాయం ఉన్నదున్నట్టు చెబుతాను. మూత్రపిండాల పరిస్థితి చూసి మోతాదు లెక్కకట్టడం, ఏ మందు దేనితో గొడవ పడుతుందో చూడటం, కేసు షీటుని చివరి పేజీ నుంచి మొదటికి చదవడం, ఇవన్నీ అక్కడే నేర్చుకున్నాను. ఇరవై ఏడేళ్ళ అనుభవం నాకు ఇవ్వనివి. ఆ పైడమ్మకి ముందే కిడ్నీ పరీక్ష చేయించి ఉండాల్సిందని కూడా అక్కడే తెలిసింది. అందుకు ఆ కాలేజీకి దణ్ణం పెడతాను.

కానీ రోగికి మందు ఎలా చెప్పాలన్న పాఠం ఉంది చూశారూ, అది చూస్తే ఒళ్ళు మండేది. అది కూడా ఇంగ్లీషులోనే చెప్పేవారు. పరీక్షలో ఒకరు రోగి, ఒకరు ఫార్మసిస్టు. రోగి కూడా ఇంగ్లీషులోనే దగ్గాలి. ఒకసారి తెలుగు కరపత్రం తయారుచేయమన్నారు. మా గైడు గారు మంచివాడే, వయసులో నాకు తమ్ముడి లాంటివాడు, కానీ నేను రాసింది కొట్టేసి "ఈ ఔషధమును వారమునకు ఒక పర్యాయము సేవించవలెను" అని దిద్దాడు. "సార్, సేవించడమంటే మా వైపు దేవుణ్ణి సేవించడమే" అన్నాను. పిల్లలు నవ్వారు, ఆయన నవ్వలేదు. ఆ కరపత్రాలు అచ్చై, కట్టలు కట్టలుగా బీరువాలో ఉండిపోయాయి.

వార్డులో రౌండ్లకి వెళ్ళినప్పుడు మాత్రం కాస్త ఊపిరాడేది. ఒక షుగరు పేషెంటు, వ్యవసాయం మనిషి. మూడు పూటలా తిన్నాక మాత్ర వేసుకోమని రాస్తే షుగరు దిగలేదు. డాక్టర్లు మోతాదు పెంచబోతున్నారు. నేను ఊరికే అడిగాను, పొద్దున్న మాత్ర ఎప్పుడు వేసుకుంటున్నావు నాన్నా అని.

"పొద్దుట్నేటి? పొద్దుట తిండేదమ్మా? అంబలి తాగి పొలానికెల్పోతాం. తిన్నాక అన్నారు గదా. మజ్జానం తింటాను, రేత్రికి తింటాను. రెండేస్కుంటన్నాను" అన్నాడు.

రాగులతో కాచే చోడి అంబలి తాగడం ఆయన లెక్కలో తినడం కాదు. పెద్ద డాక్టరు గారు కలం ఆపి నావైపు చూశారు. మోతాదు పెంచలేదు. అంబలి తాగాక వేసుకోమన్నారు, అంతే. ఆ రోజు నుంచి ఎవరికి మందిచ్చినా "ఇంటి దగ్గర ఎలా వేసుకుంటావో నువ్వు నాకు చెప్పు" అని అడగడం నేర్చుకున్నాను. మూడేళ్ళలో నేను నేర్చుకున్న అతి విలువైన పాఠం ఇదే. దీనికి పుస్తకం అక్కర్లేదని ఒప్పుకుంటాను.

థీసిస్

రెండో ఏడాది థీసిస్. మందుల వాడకంలో పొరపాట్లు అనే విషయం తీసుకున్నాను. అందులో పైడమ్మ కేసు పెట్టాను, పేర్లు లేకుండా. మా గైడు గారి పట్టికలో పొరపాటుకి కారణాలు రాసే గడులు నాలుగు. డాక్టరు తప్పు, నర్సు తప్పు, రోగి మాట వినకపోవడం, ఇంటివాళ్ళ నిరక్షరాస్యత.

"సార్, కిటికీలో చెప్పినవాళ్ళ తప్పు అనే గడి లేదే?" అన్నాను.

"మేడమ్, ఫార్మాట్ అది. యూనివర్సిటీది. మీరు దగ్గరగా ఉన్న గడిలో వేసేయండి."

దగ్గరగా ఉన్న గడిలో వేశాను. ఇంటివాళ్ళ నిరక్షరాస్యత. నా చేత్తోనే టిక్కు పెట్టాను. డ్యూటీ డాక్టరు రాసిన వాక్యం ఇంకో కాగితం మీదికి ఎక్కింది. ఈసారి నల్ల అట్ట, బంగారు అక్షరాలు, నా పేరు.

వైవాకి బయటి నుంచి ఒక పెద్దాయన వచ్చారు, ఆసుపత్రిలో పండిన మనిషి. పేజీలు తిప్పి ఈ కేసు దగ్గర ఆగారు. "ఆ మందు మీరే ఇచ్చారా? కిటికీలో ఏమన్నారో అలాగే అనండి" అన్నారు తెలుగులో. కళ్ళు మూసుకుని అనేశాను, అదే వేగంతో. "ఇవి పూటకొకటి, నెలకి. ఇది ఒకటి, వారానికి. తరవాతెవరు?" అని. "తప్పు నాదే సార్" అన్నాను. కన్నీళ్ళు ఆగలేదు. ఆయన నీళ్ళు తాగమన్నారు. బాగుంది, ఇది పేపరుగా రాయండి అన్నారు. పాసయ్యాను.

బైటికి వచ్చి గైడు గారితో, ఆ పేజీ మార్చుదాం సార్ అన్నాను. "బైండింగు అయిపోయింది మేడమ్" అన్నాడు.

నన్ను అడిగితే, ఆ రోజు నేను చేసింది తప్పుల్లోకెల్లా తెలివైన తప్పు. ఒప్పుకోవాల్సిన మాట ఒప్పేసుకున్నానన్న హాయి వచ్చేసింది నాకు. ఏసీ గదిలో ముగ్గురు ప్రొఫెసర్ల ముందు ఒప్పుకున్నాను. గౌరికి ఏం ఒరిగింది? ఆ ఊళ్ళో ఆమె అప్పటికీ మందు పెట్టిన మనిషే. నేను తేలికపడ్డ మనసుతో ఇంటర్న్‌షిప్‌కి వెళ్ళిపోయాను. ఇంకో ఏడాది గడిచిపోయింది.

మళ్ళీ కిటికీ

తిరిగి వచ్చాక వార్డులో రౌండ్లకి వెళతానని సూపరింటెండెంటు గారిని అడిగాను. "వెళ్ళండి, ఎవరు కాదన్నారు, కిటికీ మూశాక" అన్నారు. కిటికీ మూసేసరికి రౌండ్లు ముగిసి డాక్టర్లు భోజనాలకి వెళ్ళిపోతారు. మూడుసార్లు అర్జీ పెట్టుకున్నాను. మూడోసారి ఆయన నవ్వి, "డాక్టరమ్మగారూ" అన్నారు, అంతే. అప్పలనాయుడు ఇంకో అడుగు ముందుకేశాడు. "ఏటి మేడమ్, ఇప్పుడు మీ సేతి మాత్ర బేగి పన్సేత్తాదా?"

సరే, కిటికీయే గతి అయితే కిటికీలోనే చేద్దామనుకున్నాను. వారం మాత్ర ఎవరికి ఇచ్చినా వారానికి అనే మాట వాడటం మానేశాను. రోజు పేరు చెప్పేదాన్ని. అది కూడా నేను అనుకున్న రోజు కాదు. శృంగవరపుకోట వైపు నుంచి వచ్చిన ఒక ముసలాయనకి బుధవారం వేసుకో తాతా అంటే, "బుదారమో ఏటో నాకు గురుతుండదమ్మా. లచ్చింవారం సంతకెల్తాం. సంతనాడు ఏస్కుంటాను" అన్నాడు. లచ్చింవారమంటే వాళ్ళకి గురువారం. అయ్యో, ఇది ముందే తట్టలేదేమని తల కొట్టుకున్నాను. అప్పట్నుంచి కవరు మీద పెద్దక్షరాలతో రాసేదాన్ని. సంతకి వెళ్ళేవాళ్ళకి "సంతనాడు ఒక్కటే." మా చర్చి సంఘం వాళ్ళకి "ఆదివారం, గుడి నుంచి వచ్చాక ఒక్కటే." సోమవారం ఉపవాసముండే వాళ్ళకి "సోమవారం రాత్రి, తిన్నాక ఒక్కటే." నాలుగు మాత్రలు మించి ఇచ్చేదాన్ని కాదు. వరస ఆలస్యమవుతోందని వెనకనుంచి అరుపులు. అరవనిచ్చాను.

ఒకరోజు కన్నంలోంచి చీటీ వచ్చింది, పిల్ల జ్వరానికి. మందు కవరు మీద రాసి ఇచ్చి, ఇంటి దగ్గర ఎలా ఇస్తావో చెప్పమ్మా అన్నాను. అవతలి మనిషి కవరు మీద రాసింది గడగడా చదివేసింది. తరవాత అంది:

"ఇప్పుడు ఇలగ సెప్తన్నారా?"

వంగి చూశాను. గౌరి. పక్కన అప్పటి చంకలో పిల్ల, కాస్త ఎదిగి. నా నోట మొదట వచ్చిన మాట ఏమిటంటే, "నీకు చదువొచ్చా?"

"ఎనిమిది దాకా సదివేను. ఆ రోజు ఎవులడిగేరు?"

నల్ల అట్ట, బంగారు అక్షరాలు. నిరక్షరాస్యత. అత్తగారు ఎలా ఉందని అడిగాను.

"ఉన్నాది. నా సేత్తో నీల్లయినా ముట్టదు. వేరే పొయ్యెట్టుకున్నాది. ఆ వంకర సేతుల్తో తనే వొండుకుంటాది. ఆసుపత్రి మందులన్నీ మానేసినాది, మల్లీ నానిస్తానని బయ్యం" అంది మామూలుగా, వేరే ఎవరి గురించో చెబుతున్నట్టు. వెనక అరుపులు. ఆమె పిల్ల చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయింది.

నెల్లిమర్ల

ఆ ఆదివారం గుడి అయ్యాక తిన్నగా నెల్లిమర్ల బస్సు ఎక్కాను. అక్కడ ఆటో పట్టుకుని అడుగుతూ వెళ్ళాను. చిన్న ఇల్లు, ముందు వాకిలి. వాకిట్లో రెండు పొయ్యిలు, ఆ మూలొకటి, ఈ మూలొకటి. ఒకదాని దగ్గర గౌరి. రెండోదాని దగ్గర పైడమ్మ, వేళ్ళు పూర్తిగా వంగిపోయి, రెండు మణికట్ల మధ్య గిన్నె ఇరికించుకుని దించుతోంది. చూడలేకపోయాను. ఆదివారం కాబట్టి సింహాచలం ఇంట్లోనే ఉన్నాడు. నన్ను చూసి స్టూలు వేశాడు.

నేను కూర్చోలేదు. నిలబడే చెప్పాను. ఆ మందు ఇచ్చింది నేను. గౌరికి నేను చెప్పింది ఇలా, చెప్పాల్సింది అలా. గౌరి నేను చెప్పినట్టే చేసింది. మందు పెట్టలేదు, మతిమాలిన పనీ చెయ్యలేదు. డాక్టరు అడిగితే నేను మాట తిప్పి చెప్పాను.

పైడమ్మ తలెత్తి అడిగింది.

"మరైతే ఇన్నేల్లు ఏటి సేసినావు తల్లీ?"

"చదువుకున్నానమ్మా."

"ఏటి సదువుకున్నావు?"

"రోగులకి మందులు ఎలా చెప్పాలో."

"ఓలమ్మా!" అంది. వెక్కిరింపు కాదు, నిజంగా ఆశ్చర్యపోయింది. "దానికి మూడేల్లు సదవాల? ఆ రోజు నా మంచం కాడే ఉన్నావు కదే. నా నోరు కాల్పోనాది గానీ సెవులు బాగానే ఉన్నాయి. ఒక్క మాట అంటే అయిపోను కదే."



ఆవిడ గిన్నె కింద పెట్టి కోడలివైపు తిరిగింది. "గౌరీ, ఇలగ రా. ఇంత కూడెట్టు."

గౌరి రాలేదు. లేచి ఇంట్లోకి వెళ్ళి, పాలిథిన్ కవరులో మడతపెట్టి దాచిన కాగితం తెచ్చింది. ఆ డిశ్చార్జి కాగితమే. మడతల దగ్గర చిరుగుతోంది. అత్తకి కాదు, నాకిచ్చింది.

"దీన్లో రాయండి" అంది.

సిగ్గులేకుండా నేను ఏమన్నానంటే, "ఇది ఆసుపత్రి కాగితమమ్మా, నేను దీని మీద రాయకూడదు, సూపరింటెండెంటు గారు ఒప్పుకోవాలి..."

"నా మీద రాసినప్పుడు నన్నడిగేరా?"

పెన్ను తీశాను. ఆ ఇంగ్లీషు వాక్యం కొట్టేసి కింద తెలుగులో రాశాను. మందు ఎలా వేసుకోవాలో ఫార్మసిస్టు తప్పుగా చెప్పింది, గౌరి చెప్పినట్టే చేసింది, గౌరి తప్పు లేదు. ఇచ్చాను. గౌరి పైకి చదివింది, అక్షరం పొల్లు పోకుండా. చదివి తల అడ్డంగా ఊపింది.

"ఫార్మసిస్టంటే ఎవులు? మా ఊల్లో ఎవులికి తెలుసు? పేరు రాయండి."

పేరు రాశాను.

గౌరి కాగితం తీసుకుంది. అత్తకి అన్నం పెట్టలేదు, నాకు దణ్ణం పెట్టలేదు. పమిట సర్దుకుని వాకిలి దాటి వీధి కొళాయి దగ్గరికి నడిచింది. అక్కడ బిందెలతో ఆడవాళ్ళు వరసలో ఉన్నారు. పైడమ్మ ఆడబిడ్డ కూడా అందులోనే ఉంది. గౌరి వాళ్ళ మధ్య నిలబడి మొదటి నుంచి చివరిదాకా గట్టిగా చదివింది. ఎవరో ఏటేటని అడిగితే మళ్ళీ మొదలుపెట్టింది. నేను ఆటో ఎక్కి, ఆటో మలుపు తిరిగేదాకా నా పేరు వినబడుతూనే ఉంది.